వార్డు గుమ్మంలో ఎల్లయ్య తత్వాలు

1949. పోలీస్ యాక్షన్ అయి ఇంకా ఏడాది నిండలేదు. మెదక్‌లో ఒక దవాఖానాలో మగవాళ్ళ వార్డుకి నేను కొత్త నర్సుని. పొద్దున్నే డ్రెస్సింగ్‌లు నా పని. పాత కట్టు విప్పి, పుండు కడిగి, మందు పెట్టి మళ్ళీ కట్టాలి.

ఎల్లయ్యది కుల్చారం. ఇంగ్లీషోళ్ళ పల్టన్‌లో చేరి బర్మా యుద్ధానికి పోయొచ్చాడు. తొడలో మిగిలిన ఇనుప ముక్క చుట్టూ మాటిమాటికీ చీము పట్టేది. నేను ప్రోబ్, అంటే పుండు లోతు చూసే సన్నటి కడ్డీ, పెడుతుంటే కళ్ళు మూసుకుని మంత్రం చదువుకునేవాడు. యుద్ధం నుంచి రాగానే ఉపదేశం తీసుకుని, ఇక ఎవరి మీదా చెయ్యెత్తనని గురువుకి మాటిచ్చాడట. రోజూ ఏక్‌తార మీటుతూ తత్వాలు పాడేవాడు. ఆ గొంతు మాత్రం దేవుడే భరించాలి.

పక్క మంచం ఖాసిం అలీది. నిన్నమొన్నటిదాకా నిజాం ఫౌజులో సిపాయి. పోలీస్ యాక్షన్‌లో భుజానికి తగిలిన తూటా దెబ్బ ఇంకా మానలేదు.

ఒక పొద్దున ఐదారుగురు కట్టెలు పట్టుకుని వచ్చారు. ముందున్న నర్సింలు, నిజాం ఫౌజు గడబిడల్లో ఇల్లు కాలిపోయిన రైతు.

"సిస్టరమ్మా, జర పక్కకు జరుగుండ్రి. గా ఫౌజోని సంగతి జూడాలె."

డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉన్నారు. ఎల్లయ్య ఏక్‌తార పట్టుకుని కుంటుకుంటూ వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

"కొట్టుడే అయితే మొదలు నన్ను కొట్టుండ్రి. బర్మాల ముగ్గుర్ని సంపిన. ఆళ్ళకూ తల్లులుండిరి."

"నీతోని మాకేం పంచాది లేదు ఎల్లన్నా. లే."

"లేస్త. పొద్దటి తత్వం ఇంక కాలే. షురూ చేస్తే నడుమ ఆపొద్దు. అయినంక మీ ఇష్టం."

దేవుడి పాటకి అడ్డం చెప్పలేక వాళ్ళు వరండాలో చతికిలబడ్డారు. ఒక తత్వం నాలుగైంది. ఎండ ఎక్కింది. ఐదోది ఎత్తుకోగానే లోపల్నుంచి ఖాసిం కేక:

"యా అల్లా! సిస్టరమ్మా, గా ఏక్‌తారకు జర శ్రుతి చేయిండ్రి. తూటా కంటే గిదే మస్తు నొస్తుంది!"

ఎవడో కిసుక్కున నవ్వాడు. తర్వాత అందరూ. నర్సింలు ఆపుకోవాలని చూశాడు గానీ వల్ల కాలేదు. నవ్విన మొహాలతో కట్టె ఎత్తడం ఎవరికీ చేతకాలేదు.

నర్సింలు కట్టె బయట పెట్టి ఖాసిం మంచం దగ్గరికొచ్చాడు. "మా ఇల్లు కాలవెట్టిననాడు నువ్వున్నవా?"

"లేను అన్నా. నేను బీదర్ దిక్కుంటి. ఇండ్లు కాలుతున్నయని ఎరికే. నోరు ఇప్పలే. మాఫ్ చెయ్యి."

నర్సింలు స్టూలు మీద కూర్చుని ఖాసిం భుజం కట్టు చూశాడు, తర్వాత బయట పెట్టిన కట్టె అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. ఆ వానలకు ముందే అతని ఇంటికి కొత్త కప్పు పడింది. వాసాలు అందించిన వాళ్ళలో, భుజం మానిన ఖాసిం ఒకడు. ఆ తర్వాత ఎల్లయ్య, ఖాసిం జతగా ఊళ్ళు తిరిగేవారు. ఎక్కడ కొట్లాట రేగితే అక్కడ నడిమధ్య చాప పరుచుకుని ఒకరు తత్వం పాడితే ఒకరు ఢోలక్ కొట్టేవారు.

భక్తి అంటే లోకం నుంచి తప్పుకోవడం అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి అట్లా అనుకోలేదు. నా నౌకరీ ఉన్నన్నాళ్ళూ వార్డులో గొడవ లేచినప్పుడల్లా, పోలీసుని పిలిచే ముందు నేనే పోయి మధ్యలో కూర్చున్నాను. నిలబడి అరిచేవాడితో ఎంతసేపైనా కొట్లాడొచ్చు. కూర్చున్న మనిషితో ఎట్లా కొట్లాడతారు?