అరచేతిమీద చూసిన కరెంటు

ఆ ఆదివారం చర్చి ఆవరణలో నవ్విన మగవాళ్లందరి మీదా నాకు ఇంకా కోపమే. వాళ్లు చెడ్డవాళ్లు కారు. మా నాన్నలాగే శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్‌కి వచ్చి గార్డెన్ రీచ్ ఓడల డాకులో పనికి కుదిరినవాళ్లు. మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు వచ్చి కూర్చునేది వాళ్లే. అదంతా తెలిసినా కోపం తగ్గదు.

మూటలు మోసి నడుం పోయాక నాన్న డాకు పక్కనే ఒక ప్రైవేటు గోడౌన్‌లో కాపలా కుక్కను చూసుకునే పనిలో చేరాడు. నల్లటి ఆల్సేషన్. కుక్క కంపెనీదే కానీ కూన వయసు నుంచీ పెంచింది నాన్న. అందుకని దానికి బెంగాలీ రాదు, హిందీ రాదు. అది వినేది మా తెలుగు మాటే. కూకో అంటే కూర్చుంటుంది. ఉండు అంటే ఉంటుంది. పట్టు అంటే పడుతుంది. ఒక్కటే రాలేదు దానికి. పట్టుకున్నది వదలమంటే వదలదు. నాన్న "ఒగ్గీ, ఒగ్గీ" అని గొంతు చించుకున్నా సరే, చేతులతో దవడ తెరిస్తే తప్ప వదిలేది కాదు.

నేను కాలేజీలో చేరిన ఏడాది, వానాకాలంలో, రాగి తీగ కోసం గోడ దూకిన ఒకతని పిక్కను కుక్క పట్టుకుంది. నాన్న వచ్చి దవడ విడిపించేసరికి అతని కాలు చీరుకుపోయింది. మర్నాడు ఎర్రజెండాలతో జనం గేటు ముందు కూర్చున్నారు. దొంగైతే మాత్రం మనిషి కాదా అని వాళ్లు అడిగినదాంట్లో తప్పేమీ కనబడలేదు నాకు. కంపెనీ భయపడింది. దసరా పూజ సెలవులలోపు కుక్క వదలడం నేర్చుకోవాలి, మేనేజరు స్వయంగా వచ్చి చూస్తాడు, నేర్చుకోకపోతే దాన్ని తీసేస్తారు. తీసేసి ఎక్కడికి పంపుతారు దాదా అని నాన్న బెంగాలీ సూపర్‌వైజర్ని అడిగాడట. ఆయన సిగరెట్టు ముట్టించుకున్నాడట. మాకు అర్థమైంది. చంపడానికి సూది వేయిస్తారు.

తర్వాత కొన్నాళ్లకి ఆ సూపర్‌వైజర్ దాదాయే ఏదో ఓడలో వచ్చిన వాళ్ల దగ్గర కొని కరెంటు పట్టీ ఒకటి తెచ్చిచ్చాడు. నల్లటి బెల్టు, దాని లోపలివైపు రెండు ఇనుప మొనలు. విడిగా ఒక రిమోటు. దానికొక మీట, ఎంత గట్టిగా తగలాలో తిప్పుకునే చక్రం. నాన్న దాన్ని రుమాల్లో చుట్టి ఆదివారం చర్చికి పట్టుకొచ్చాడు, నలుగురికీ చూపించడానికి.

ఆరాధన అయిపోయాక మావాళ్లు ఆవరణలో నిలబడి టీ తాగుతూ లోకంలోని సంగతులన్నీ తేల్చేస్తారు. ఆవేళ పట్టీ సంగతి.

"ఇదేటి బావా, కుక్కకి సెల్‌ఫోన్ కొన్నావేటి?" అన్నాడు మా మావయ్య. అమ్మ తమ్ముడు, డాకులోనే పని.

"నొక్కితే మెడమీద కరెంటు తగుల్తాది. అప్పుడొగ్గుద్ది," అన్నాడు నాన్న.

క్రేను నడిపే ఒకాయన ఉండేవాడు, అందరికీ పెదనాన్నే. ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. "నోరు లేని జీవికి కరెంటేట్రా? తప్పు కాదూ?"

"కర్రుచ్చుకు బాదితే తప్పు కాదేటి? మనం గుంటలప్పుడు మనయ్యలు బాదలేదేటి?" అన్నాడు మావయ్య. "దీనికి నెత్తురు రాదు, సర్మం సిట్లదు. దెబ్బే కనబడదు."

"కనబడని దెబ్బకే నాకు బయ్యం."

"ఓలమ్మో! కుక్కలకి యూనియన్ లేదు గానీ, ఉంటే నువ్వే సెక్రటరీవి పెదనాన్నా!"

అందరూ నవ్వారు. పాస్టరు అయ్యగారు ఏమంటారని అడిగితే, పాటల పుస్తకాలు లెక్క చూడాలంటూ ఆయన లోపలికి వెళ్లిపోయారు.

అప్పుడు నాన్న ఆ రెండు మొనలనీ తన అరచేతికి ఆనించి మీట నొక్కాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. "ఏటీ లేదు. సీమ కుట్టినట్టైనా లేదు." పట్టీ చేతులు మారింది. ఒక్కొక్కరూ అరచేయి చాచడం, నొక్కించుకోవడం, పెదవి విరవడం. చక్రం తిప్పారు. మళ్లీ అరచేతులు. ఇంకా తిప్పారు. చివరికి క్రేను పెదనాన్నే చెయ్యి వెనక్కి లాక్కుని, "ఆఁ, ఇప్పుడు కూసింత సురుక్కుమంది," అన్నాడు.

"అయితే అక్కడే ఉంచు బావా. అంతకన్నా తక్కువైతే ఆ గాడిదకి తెలీదు."

నాన్న జేబులోంచి పెన్ను తీసి చక్రం మీద అక్కడ గీత పెట్టుకున్నాడు. ఇంతమంది ఒప్పుకున్న గీత.

నేను ఆడవాళ్లతోపాటు మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. ఏదో తప్పనిపించింది కానీ ఏమిటో అప్పుడు తట్టలేదు. మధ్యాహ్నం ఇంట్లో నాన్న పడుకున్నాక రుమాలు విప్పి, ఆ గీత దగ్గరే, మొనలు ముంజేతి లోపలివైపు పెట్టుకుని నొక్కాను.

చెయ్యి నాది కాకుండా ఎగిరిపోయింది. పళ్లు టక్కున కరుచుకున్నాయి. మోచెయ్యి గోడకి కొట్టుకుంది. నేలమీద కూర్చుని ఆ చేతిని ఒళ్లో పెట్టుకుంటే అప్పుడు తట్టింది. గోనె మూటలూ ఇనప కొక్కేలూ తీగమోకులూ పట్టి పట్టి చెక్కల్లా బిగిసిపోయిన అరచేతులవి. మా నాన్న ఉడుకుతున్న అన్నం గిన్నెను గుడ్డ లేకుండా దించుతాడు. అలాంటి చేతులమీద చూసి, కుక్క మెడకి ఎంత కావాలో తేల్చేశారు.

అమ్మ నా చేతిమీద ఎర్రటి మచ్చలు చూసి కొబ్బరినూనె రాసింది. "ఆరి సేతులకి తెలీదే, నిజమే. కానీ దాన్ని సంపేస్తే నొప్పుండదేటి?" అంది. అదీ నిజమే. కోపం ఇంకా పెరిగింది.

సాయంత్రం నాన్న టీ తాగుతుంటే ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. నేను అలా నిలబడే మనిషిని కాను. ఏం కావాలన్నా అమ్మతో చెప్పించుకునేదాన్ని.

"నాన్నా, దాన్ని మెడకి పెట్టుకుని సూడు."

"ఏటే?"

"అరసెయ్యి కాదు. మెడ."

"కుక్క మెడకి బొచ్చుంటాది."

"బొచ్చులోంచి తోలుకి తగలాలనే కదా ఆ మొనలంత పొడుగున్నాయి!"

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "పూజలకి దాన్ని ఒట్టుకుపోతారే. నాకింకో దారేటున్నాది? అన్ని పుస్తకాలు సదువుతావు కదా, అందులో ఉంటే సెప్పు."

లేదు. నా పుస్తకాల్లో కుక్కలకి ఏదైనా నేర్పే దారి ఎక్కడా లేదు. "ఆ గీతకన్నా తక్కువకి తిప్పు. అడుగునించి మొదలెట్టు," అన్నాను.

"నలుగురు పెద్దలు సూసెట్టిన గీత. ఇప్పుడు నీ ఒక్కదాని మాటా?"

మెడకి పెట్టుకోలేదు. చక్రమూ తిప్పలేదు.

ఆ వారంలో టిఫిన్ క్యారియర్ ఇవ్వడానికి గోడౌన్‌కి వెళ్లాను. వాన వెలిసింది, కుక్క మెడ తడిగానే ఉంది. గోనె చుట్టిన కర్రను పట్టుకుని వేలాడుతోంది. నాన్న "ఒగ్గీ" అన్నాడు, నొక్కాడు. అది అరిచిన అరుపు కుక్క అరుపులా లేదు. అరిచి, వదలడానికి బదులు ఇంకా గట్టిగా కరిచింది, ఆ నొప్పి గోనెలోంచి వచ్చిందనుకుని కాబోలు. మళ్లీ "ఒగ్గీ". మళ్లీ మీట. దాని వెనక కాళ్లు వణుకుతున్నాయి. ఎన్నోసారికో కర్ర నోట్లోంచి జారిపోయింది.

"ఒగ్గింది! సూసేవేటే, ఒగ్గింది!" నాన్న ముఖం వెలిగిపోయింది.

క్యారియర్ నేలమీద పెట్టేసి వచ్చేశాను. బస్సు ఎక్కలేదు. ఎక్కితే ఎవరైనా మాట్లాడిస్తారని ఇంటిదాకా నడిచాను. రోజూ రాసే డైరీలో ఆ రోజు ఒక్క వాక్యం కూడా సరిగ్గా రాయలేకపోయాను.

మేనేజరు పూజలకి ముందే కార్లో వచ్చాడు. పరీక్షకని మందపాటి కోటు వేసుకున్న గార్డును కుక్క పట్టుకుంది. నాన్న ఒక్కసారి "ఒగ్గీ" అన్నాడు. మీట నొక్కక్కర్లేకుండానే వదిలేసింది. మేనేజరు నాన్నతో చెయ్యి కలిపాడట. మిగతా గోడౌన్ల కుక్కలకీ ఇవే పట్టీలు కొనమన్నాడట. తర్వాతి ఆదివారం నాన్న చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. దేవుడు నా కుక్కను కాపాడాడు, నా పని కాపాడాడు అని. అందరూ స్తోత్రం అన్నారు. మావయ్య అందరికన్నా గట్టిగా అన్నాడు. నేను పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

కుక్క బతికింది. అది అబద్ధం కాదు.

కానీ అన్నం తినడం మానేసింది. నాన్నకి దానికి పెడుతూ మాట్లాడటం అలవాటు, డాకు కబుర్లూ ఫుట్‌బాల్ కబుర్లూ. ఇప్పుడు ఆయన గొంతు వినబడితే చాలు, ఆ మాట "ఒగ్గీ" కాకపోయినా, నోట్లో ఉన్నది కింద పడేసి నేలకి కరుచుకుపోతుంది. రొట్టె అయినా, ఎముక అయినా. పట్టీ తీసేసినా అంతే. పక్కటెముకలు బయటపడ్డాయి. సర్దుకుంటుందిలే అన్నాడు సూపర్‌వైజర్ దాదా. సర్దుకోలేదు. చివరికి నాన్న నన్ను బతిమాలాడు. కాలేజీ నుంచి వస్తూ నేను వెళ్లి పెట్టాలి, ఆయన గోడ అవతల మాట్లాడకుండా నిలబడాలి.

కొన్నాళ్లు అలాగే గడిచింది. నేను పళ్లెం పెట్టేదాన్ని. కుక్క చెవులు గోడవైపే పెట్టి కొంచెం కొంచెం తినేది. ఒకరోజు కాస్త ఇష్టంగా తింటోంది. నాన్న ఆగలేకపోయాడు.

"తింటన్నాదేటే?" అన్నాడు గోడ వెనకనుంచి.

రొట్టె దాని నోట్లోంచి జారిపడింది. కడుపు నేలకి ఆనింది.

"నోరు ముయ్యి!" అని అరిచాను. మా నాన్నని. పక్క గోడౌన్లో మూటలు దించుతున్నవాళ్లు కూడా ఆగి చూశారు.

గోడ అవతల చప్పుడు లేదు. కుక్క నా కేకకి బెదరలేదు. కాసేపు అలాగే పడుకుని, మెడ చాచి, రొట్టె అందుకుంది. నేను గోడవైపు తిరగలేదు. అది తినడం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.