చాయ్ అడిగితే అన్నం

మా అత్తయ్య బెర్లిన్‌లో మాతో ఉన్న మూడు నెలలూ నా స్నేహితురాళ్లు నన్ను చూసి కుళ్లుకున్నారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పప్పు, కూర, చారు, పెరుగు అన్నీ బల్ల మీద ఉండేవి. "ఏం పెట్టి పుట్టావే," అని ఒకామె నిట్టూర్చింది. వాళ్ల అత్తగారు వచ్చినప్పుడు తాగిన కప్పు కూడా కడగలేదట. మా ఆయన చదివిన క్లాస్తాల్ యూనివర్సిటీలో ఆయనకు జూనియర్లయిన కుర్రాళ్లు కొందరు ఇంటర్న్‌షిప్‌లకని బెర్లిన్ వచ్చి ఉన్నారు. ఆదివారం వస్తే చాలు, ఎస్-బాన్ రైలెక్కి మా ఇంట్లో దిగేవాళ్లు. "ఆంటీ, చారు మస్తుంది," అని గిన్నె ఎత్తి తాగేవాళ్లు. ఆమె మురిసిపోయి వాళ్లకి డబ్బాల్లో కట్టి కూడా ఇచ్చేది.

ఆమె అంతగా ఎందుకు వండుతోందో వాళ్లకెవరికీ తెలియదు. నేను వండితే తినాల్సి వస్తుందని వండుతోంది.

మాది ప్రేమ పెళ్లి. వాళ్లది హనుమకొండ. తరతరాలుగా శాకాహారం, అందులోనూ ఉల్లి, వెల్లుల్లి లేని శాకాహారం. మాది భీమవరం పక్కన. మా ఇంట్లో చేప లేని రోజుని ఉపవాసం అనేవాళ్లు. వాళ్ల కులం, మా కులం వేరు. నేను పుట్టుకతో కాకుండా పెళ్లితో శాకాహారినయ్యాను. మా ఆయన మానమని అడగలేదు, నేనే మానేశాను. చేప ముట్టి ఏళ్లయింది. అయినా అత్తయ్య పెళ్లయిన దగ్గర్నుంచి నా చేతి వంట ఒక్క మెతుకు తినలేదు. తిననని మాత్రం ఏనాడూ అనలేదు, అంత మొరటు మనిషి కాదు. ఒక రోజు కడుపుబ్బరం, ఒక రోజు గురువారం, ఒక రోజు ఆకలైతలేదు. ఏదీ దొరకని రోజున "నువ్వు ఆఫీసుల అలసిపోయి వస్తవు, నీకెందుకమ్మా శ్రమ," అనేది.

నాకు కావలసింది పెద్దదేం కాదు. ఆమె తిరిగి వెళ్లేలోగా నా చేత్తో చేసింది ఏదైనా ఒక్కసారి తినాలి. బెర్లిన్‌లో ఇల్లు దొరకడం, ఊళ్లో పేరు నమోదు చేసుకునే ఆన్‌మెల్డుంగ్‌కి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడం లోకంలోకెల్లా కష్టమైన పనులంటారు. నేను ఆ రెండూ సాధించాను, ఉద్యోగం మీద ఇచ్చే బ్లూ కార్డ్ కూడా తెచ్చుకున్నాను. ఇది మాత్రం నా వల్ల కాలేదు.

ఆమె వీసా గడువు అయిపోయే వారంలోనే మా ఆఫీసు నన్ను హనోయ్ వెళ్లమంది. మేం రాసిన సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే జట్టు అక్కడుంది. మా ఆయన ఉద్యోగం బ్రెమెన్‌లో, వారాంతాల్లోనే ఇంటికొస్తాడు, ఆయనకు సెలవు దొరకలేదు. ఫోన్లో మ్యాప్ తెరిచి చాలాసేపు చూసి, బెర్లిన్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలోనే హనోయ్ ఉందని కనిపెట్టాడు. "అమ్మ ఒక్కతే ఏం పోతది? నీతోని వస్తది. రెండు రోజులు ఊరు చూస్తది, రెండు రోజులు సముద్రం చూస్తది. అటునుంచి నువ్వే హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కించు," అన్నాడు. చిన్నప్పుడు ఈయనకి భూగోళం ఎవరు చెప్పారో గానీ, వాళ్లమ్మ మాత్రం కొడుకు తెలివికి మెచ్చుకుంది.

ఆయన జాగ్రత్తపరుడు కూడా. టికెట్లతో పాటు మా ఇద్దరికీ 'హిందూ భోజనం' అని బుక్ చేశాడు. విమానంలో మూత తీస్తే కోడికూర. విమానాల లెక్కలో హిందువంటే గొడ్డుమాంసం తినని మనిషి, అంతే. అత్తయ్య మూత మళ్లీ పెట్టేసి కళ్లు మూసుకుంది. నా సంచిలో నేను చేసి తెచ్చిన చపాతీలున్నాయి. వాటిని తీసి, "ఇవైనా తినండి అత్తయ్యా," అన్నాను. "విమానంల తింటే నాకు తిప్పుతది," అంది కళ్లు తెరవకుండానే. మూడు నెలల్లో నేను వినని కారణం అదొక్కటే మిగిలింది.

హనోయ్‌లో నా ఏర్పాట్లు నేను చేసుకునే దిగాను. మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, ఉల్లి వద్దు అని వాళ్ల భాషలోకి మార్చి ఫోన్లో పెట్టుకున్నాను. మొదటి రోజు సాయంత్రం ఒక హోటల్లో చూపించాను. ముగ్గురు కలిసి చదివారు. నవ్వారు, తలలూపారు, ఎండు రొయ్యలు చల్లిన కూర తెచ్చిపెట్టారు. రొయ్య మాంసమూ కాదు, చేపా కాదు. మా ఊళ్లో కార్తీకమాసంలో మా పెదనాన్న చేసే వాదన కూడా ఇదే కాబట్టి నేను వాళ్లతో దెబ్బలాడలేకపోయాను. అత్తయ్య అరటిపండు తిని పడుకుంది.

మర్నాడు ఆఫీసులో కూర్చున్నానే గానీ మనసు మనసులో లేదు. ఆమెకు షుగరుంది. పొద్దున్న మాత్ర వేసుకుంది, పైన రెండు బిస్కెట్లు తింది. ఊరు కాని ఊళ్లో ఆమెకేమైనా అయితే మా ఆయనకి ఏమని చెప్పాలి. మీటింగ్ సగంలో లేచి వచ్చేశాను. గదిలో ఆమె లేదు. మెట్ల మీదుగా కిందికి పరిగెత్తాను.

హోటల్ పక్క సందులో ఒక చిన్న దుకాణం ముందు కనిపించింది. అంగన్‌వాడీ పిల్లలు కూర్చునేంత చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద, నేతచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని కూర్చుంది. ముందు పళ్లెంలో అన్నం, వంకాయ కూర, టోఫు ముక్కలు, ఏదో ఆకుకూర. చాప్‌స్టిక్స్ పక్కన పెట్టేసి శుభ్రంగా చేత్తో కలుపుకుని తింటోంది. దుకాణం ఆవిడ పక్కనే నిలబడి ఇంకాస్త అన్నం వెయ్యనా అన్నట్టు గరిటె చూపిస్తోంది.

"ఇదేంటి అత్తయ్యా?"

"చాయ్," అంది.

"చాయా?"

"చాయ్ తాగుదామని దిగిన. చాయ్ అని ఒక వేలు చూపెట్టిన. కూసోమన్నది. గిదంత తెచ్చి పెట్టింది." ముద్ద మింగి మళ్లీ అంది. "ఈ దేశంల చాయ్ అడిగితే అన్నం పెడ్తున్నరమ్మా. మన దగ్గర అన్నం టైముల పోయినా చాయ్‌తోనే సరిపెడ్తరు."

మా వైపు టీ అంటాం. దిగిన దగ్గర్నుంచి నేను ప్రతిచోటా టీ అనే అడిగాను, ప్రతిచోటా నాకు టీ మాత్రమే ఇచ్చారు. స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఇంగువ డబ్బా మీద ఇంకొకరి చెయ్యి పడితే తుడిచి పెట్టుకునే మనిషి ఈమె.

"ఎవరు వండారో, దేంట్లో వండారో అడిగారా?" అన్నాను. నా గొంతు నాకే కొంచెం గట్టిగా వినిపించింది.

"ఎట్ల అడుగుత? భాష రాదు గద."

"మరి ఆవిడెవరో ఏంటో..."

"ఎవరో తెల్వదు గదమ్మా," అంది, చాలా శాంతంగా, వంకాయ ముక్క అన్నంలో చిదుపుకుంటూ. "తెల్వనోళ్ల దగ్గర పట్టింపేముంటది?"

నాకు ముందు కోపమొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. అంటే నా తప్పల్లా నేనెవరో ఆమెకి తెలియడమే. నిన్న ఇదే గిన్నెలో పంది ఉడికి ఉంటుంది. ఆ గిన్నె మీద లేని అనుమానం బెర్లిన్‌లో ఆమె కోసమని నేను కొత్తగా కొన్న కుక్కర్ మీద ఉంది. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా అనుకున్నాను. పైకి మాత్రం, "బాగుందా?" అనడిగాను.

"మంచిగున్నది. ఉల్లిగడ్డ కూడ లేదు," అంది.

సంగతేమిటో మర్నాడు ఆఫీసులో తెలిసింది. అక్కడి జట్టులో పనిచేసే అమ్మాయికి చెప్తే కడుపు పట్టుకుని నవ్వింది. వాళ్ల భాషలో చాయ్ అంటే శాకాహారమట. బౌద్ధ సన్యాసులు తినే తిండి, అందులో ఉల్లి, వెల్లుల్లి పడవు. పున్నమికీ, అమావాస్య వెళ్లిన మర్నాటికీ మామూలు జనం కూడా అదే తింటారట, ఆ రోజుల్లో వీధి దుకాణాలు కూడా అదే వండుతాయట. ముందురోజు పున్నమి. మాట మాత్రం గొంతు ఎత్తకుండా దించకుండా చదునుగా అనాలట, గొంతు ఎత్తితే దాని అర్థం మాడిపోయినదని మారిపోతుందట. ఇదంతా వెళ్లి అత్తయ్యకి చెప్పాను. "నిన్న పున్నమని నాకు తెల్వదా," అంది. మిగతాదాంట్లో ఆమెకు వింతేమీ కనిపించలేదు.

శనివారం బస్సెక్కి హాలాంగ్ వెళ్లాం. సముద్రం మధ్యలో ఎక్కడ పడితే అక్కడ రాతి కొండలు నీళ్లలోంచి లేచి నిలబడి ఉన్నాయి. వాటి మధ్య తిప్పే పడవ ఎక్కాం. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. అత్తయ్య ప్రతి కొండనీ చూసి ఇది వినాయకుడు, ఇది నంది అని పేర్లు పెడుతోంది. పడవ కింది భాగంలో వంటగది. కాసేపటికి అక్కడ కాగిన నూనెలో చేప పడిన చప్పుడైంది, వాసన పైకొచ్చింది. నేను పెళ్లి చేసుకున్నాను గానీ నా ముక్కు చేసుకోలేదు, అది అటు తిరిగిపోయింది. మా అమ్మ, మా పెరటి పొయ్యి, ఆదివారం పొద్దున్న, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి నోరూరింది. కళ్లలో కూడా నీళ్లొచ్చాయి. అత్తయ్య నన్నే చూస్తోంది.

"మీ ఊర్ల గిదే వాసనొస్తదా?"

పెళ్లయ్యాక ఆమె మా ఊరి గురించి అడగడం అదే మొదలు. "వస్తుందండీ," అన్నాను. ఆమె "ఊఁ" అని కొండల వైపు తిరిగింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోలేదు.

భోజనం చెప్పే పని నేను తీసుకున్నాను. వాళ్ల భాషలో అన్నాన్ని 'కోమ్' అంటారని నేర్చుకున్నాను కదా, "కోమ్ చాయ్?" అనడిగాను. దొరుకుతుందో లేదోనన్న అనుమానంలో గొంతు పైకి లేచింది. కుర్రవాడు వెళ్లి పళ్లెం నిండా మాడు చెక్కలు తెచ్చాడు. గిన్నె అడుగున అంటిన అన్నం మాడితే గీకి ఎండబెట్టి వేయించినట్టున్నాయి. అత్తయ్య వాటిని చూసి, నన్ను చూసి, ఆ కుర్రవాడి వైపు తిరిగి "చాయ్," అంది, హనుమకొండ బస్టాండులో అడిగినట్టు. టోఫు, ఆకుకూర, అన్నం వచ్చాయి.

ఆమె రెండో ముద్ద తింటుండగా ఆమె ఫోన్ మోగింది. వీడియో కాల్, హనుమకొండ నుంచి ఆమె తోడికోడలు. మా ఇంట్లో మడి, ఆచారం అన్నీ ఈ పెద్దత్తయ్య చేతిలో ఉంటాయి. అత్తయ్య కూడా ఆవిడకు భయపడుతుంది. చూస్తుండగానే ఫోన్‌ని పళ్లెం మీంచి కొండల వైపు తిప్పేసింది.

"కప్పలు, పాములు తింటరట గదనే ఆడ? నువ్వేం తింటున్నవు మరి?"

అత్తయ్య ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "కోడలు వండి పెడ్తున్నదక్కా. దాని చేతి వంటనే తింటున్న."

నేను నెట్ పోయిందనుకున్నాను.

"నీ కోడలి చేతి వంటనా?"

"ఆఁ. మంచిగనే చేస్తది," అని అత్తయ్య ఫోన్ పెట్టేసి, నా వైపు చూడకుండా మూడో ముద్ద కలుపుకుంది.

ఊరూ పేరూ తెలియని వాళ్ల దగ్గర తిన్నానని చెప్పడం కంటే నా చేతి వంట తిన్నానని చెప్పడం తక్కువ అప్రదిష్ట అని ఆమె లెక్క వేసుకుంది. అంటే నా హోదా కొంత పెరిగినట్టే. సంతోషించాలో వద్దో తేల్చుకోలేక మాడు చెక్కలు తింటూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే సంతోషంగానే ఉంది. అబద్ధంలోనైనా ఆమె అన్నది నా గురించే కదా.

మర్నాడు సాయంత్రం హనోయ్ తిరిగొచ్చాం. ఆ మర్నాడు మధ్యాహ్నం ఆమె విమానం. పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పెట్టెకి తాళం వేసి, మంచం మీద కూర్చుంది.

"పడవల ఒక మాట అన్న," అంది.

"అన్నారు."

"అబద్ధమాడిన. వ్రతం కథలు చదివే నోటితోని."

"పర్లేదులెండి అత్తయ్యా."

"పర్వాలేదని నువ్వంటే అయితదా? ఊర్ల అడుగు పెట్టంగనే అక్క వస్తది. ఏమేం వండింది, ఎట్ల వండింది అని దేవుని గూటి ముందు నిలబెట్టి అడుగుతది. నాతోని కాదు." కిటికీ వైపు చూస్తూ, "ఏమన్న చెయ్. కొంచెమే. అప్పుడు అబద్ధం కాదు," అంది.

గదిలో పొయ్యి లేదు, నీళ్లు కాచుకునే కెటిల్ ఒక్కటే ఉంది. ఆమె మనసు మారేలోగా కిందికి పరిగెత్తాను. బియ్యంతో చేసిన సన్నటి సేమ్యా, నిమ్మకాయలు, వేయించిన పల్లీలు, పచ్చిమిరపకాయలు, ఉప్పు పొట్లం దొరికాయి. హోటల్ వాళ్లనడిగి గాజు గిన్నె తెచ్చుకున్నాను. సేమ్యా మీద మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి, వార్చి, నిమ్మరసం పిండాను. పల్లీలు, తుంచిన మిరపకాయలు, పొట్లంలోంచి కాస్త ఉప్పు వేసి, గిన్నె అటూ ఇటూ ఊపి కలిపాను. ఆమె మంచం మీంచి అంతా చూస్తూనే ఉంది. అది అట్ల కాదు, ఇట్ల అని ఒక్క మాట అనలేదు. నాకు అందుకే ఎక్కువ భయమేసింది.

గిన్నె ఆమె చేతికిచ్చాను. కళ్లు మూసుకుని ఏదో అనుకుంది, బహుశా దేవుడికి సంజాయిషీ కావచ్చు. తర్వాత ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది. ఇంకో ముద్ద తింది.

"ఉప్పు తక్కువైంది," అంది. "నిమ్మకాయ మస్తు పిండినవు. పోపు లేకుంటే దీన్ని పులిహోర అనరమ్మా."

అత్తగారు నా వంటకి వంక పెట్టింది. తలూపి ఉప్పు పొట్లం మళ్లీ విప్పాను. చెంచా కోసం చూస్తే ఎక్కడా కనిపించలేదు. ఆమె వండినవి కూడా నా చెయ్యి తగలకుండా ఆమెకి ఎప్పుడూ చెంచాతోనే వడ్డించడం అలవాటైన దాన్ని, పొట్లం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆమె గిన్నె నా వైపు చాపింది.

"చేత్తోనే వెయ్యమ్మా," అంది. "టైమైతున్నది."