బంతి లేనప్పుడు మా పిల్లని చూసిన జిలానీ గారు

నిన్న పొద్దున కాఫీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. "వీడియో జిలానీ గారు పోయారండీ" అని ఎవరిదో గొంతు.

నమ్మలేదు. పెట్టేశాను.

మీకు తెలుసుగా, పోయిన నెల ఒకడు ఫోన్ చేసి మా అల్లుడు పోలీస్ స్టేషన్‌లో ఉన్నాడన్నాడు. అల్లుడేమో పక్క గదిలో గురక పెడుతున్నాడు. అప్పటినుంచి ఫోన్లో ఎవరు చెడ్డ కబురు చెప్పినా ముందు దొంగే అనుకుంటాను.

ఆటో ఎక్కి పటమట నుంచి వన్ టౌన్ దాకా వెళ్ళాను. అబద్ధమైతే వాణ్ణి ఏమని తిట్టాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను.

జిలానీ గారి గుమ్మం ముందు చెప్పులు. అన్ని చెప్పులు.

ఇంక ఎవర్నీ ఏమీ అడగలేదు.

తెల్లవారుజామున గుండెపోటట. పెద్ద వయసు కూడా కాదు.

మన గ్రూపులో చాలామందికి ఆయన పెళ్ళి వీడియోలు తీసే మనిషి. నాకు మాత్రం మైలవరం గ్రౌండ్ మనిషి.

మా మనవరాలు హారిక అక్కడి అమ్మాయిల టీమ్‌లో ఫుట్‌బాల్ ఆడుతుంది. చిన్న లీగ్. చూసేవాళ్ళకంటే ఆడేవాళ్ళే ఎక్కువ. ఒంటరిగా పంపడానికి భయం, అందుకని ఆదివారం ఆదివారం బస్సులో నేనూ వెళ్తాను.

ఒక ఆదివారం చూద్దును కదా, మా తోడికోడలి కొడుకు పెళ్ళిలో వీడియో తీసినాయన! స్టాండు మీద కెమెరా పెట్టి మా పిల్లల వైపు తిప్పాడు. ఒళ్ళు మండింది.

"ఏమయ్యా, ఆడపిల్లల్ని ఎందుకు తీస్తున్నావు?"

"మ్యాచ్ తీస్తున్నానండీ పిన్నిగారూ."

"నీకు పెళ్ళిళ్ళు లేవా?"

"ఆషాఢం కదండీ. ఎవరు చేసుకుంటారు?"

జవాబు సరిగ్గానే ఉంది. అందుకే ఇంకా అనుమానం వచ్చింది.

ఆ వీడియోలు కేరళలో ఒక క్లబ్బుకి పంపుతానన్నారు. అక్కడ స్కౌట్ అని ఒకాయన ఉంటాడట. ఊరూరా తిరక్కుండా, ఇలాంటి చిన్న లీగుల వీడియోలు చూసి, ఎవరి కంటా పడని ఆటగాళ్ళని ఏరుకుంటాడట.

ఊరూ పేరూ తెలియని మగాడు మా పిల్లల వీడియోలు చూడటమా? ఏం పంపావో నాకు చూపించమన్నాను.

చూస్తే అచ్చం పెళ్ళి వీడియో! మొహాలు దగ్గరగా, జడ ఎగిరితే స్లో మోషన్, గోల్ పడితే గులాబీ రేకులు.

"ఇకమీదట ఒక్క మొహం దగ్గరగా కనిపించినా నీ కెమెరా కాలువలో పడేస్తాను."

"మరెలా తియ్యమంటారండీ?"

"అదిగో, ఆ మోటార్ షెడ్డు ఎక్కి తియ్యి. గ్రౌండంతా పడాలి. ఏ పిల్ల ఎవరో తెలియకూడదు."

పాపం, ఎక్కారు. ఆ ఎండలో. నేను కింద కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. దిగాక మొత్తం చూస్తేగానీ పంపనిచ్చేదాన్ని కాదు.

"పెళ్ళికూతురి తల్లి కూడా ఇంత చూడదండీ పిన్నిగారూ" అనేవారు.

కొన్నాళ్ళకి ఆయన ఎగురుకుంటూ వచ్చారు. "స్కౌట్ ఫోన్ చేశాడండీ. గ్రౌండంతా కనిపించేట్టు మొదట్నుంచీ ఎందుకు తియ్యలేదని నన్ను తిట్టాడు. మూడో నంబరు అమ్మాయి ఎవరని అడిగాడు."

మూడో నంబరు మా హారిక. వెనకాల ఎడమవైపు ఆడుతుంది. గోల్ కొట్టదు. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

"దాని దగ్గరికి బంతే సరిగ్గా రాలేదుగా?" అన్నాను.

"బంతి లేనప్పుడే చూశాడండీ. ఎక్కడికొస్తుందో ముందే తెలిసినట్టు అక్కడికెళ్ళి నిలబడుతోందట."

బంతి లేనప్పుడు కూడా పిల్లనే చూస్తున్నాడంటే వాడి ఉద్దేశం ఏమిటి?

ఆ మాటే అన్నాను. జిలానీ గారు నవ్వు ఆపుకోలేక కింద చతికిలబడిపోయారు. "అమ్మా తల్లీ, అదేనండీ వాడి ఉద్యోగం!"

వచ్చే వారం అక్కడ ట్రయల్స్. ఆడించి చూసి, నచ్చితే హాస్టల్లో పెట్టుకుని నేర్పుతారట. కూతురూ అల్లుడూ "నీ ఇష్టమమ్మా" అని నా మీద పెట్టేశారు. జిలానీ గారూ, ఆయన భార్య షమీమ్ తోడు వెళ్తేనే పంపుతానన్నాను. సరేనన్నారు. హాస్టల్ ఎలాంటిది, వార్డెన్ ఆడమనిషేనా, తలుపులకి గడియలున్నాయా, నేనేది అడిగినా విసుక్కోకుండా ఫోన్ చేసి కనుక్కున్నారు.

ఇప్పుడు ఆయనే లేరు.

షమీమ్, భర్త పోయాక వాళ్ళలో పాటించే ఇద్దత్‌లో ఉంది. నాలుగు నెలల పైన గడప దాటదు.

హారిక నిన్నటినుంచి ట్రయల్స్ మాటే ఎత్తలేదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

నిన్న షమీమ్ పక్కన కూర్చున్నప్పుడు కూడా నా నోరు ఊరుకోలేదు. "ఏమ్మా, ఈ వీడియోల వల్ల ఆయనకేంటి లాభం?" అని అడిగేశాను. ఇన్నాళ్ళూ లోపల తొలిచిన మాట.

ఏడుస్తూనే నవ్వింది. "నేనూ అడిగేదాన్ని పిన్నిగారూ. ఇంట్లో ఉంటే కూరగాయలు తెమ్మంటావుగా అనేవారు."

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "పిల్లని మాత్రం ఆపకండి. మీరు ఒప్పుకున్నారని మొన్న వీధంతా చెప్పుకుని తిరిగారు."

ఆ లాభం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

క్లబ్బు మీద అనుమానమూ పోలేదు. నిన్న సాయంత్రం ఆ స్కౌట్ మెసేజ్ పెట్టాడు, అల్లుడు చదివి చెప్పాడు. చాలా బాధగా ఉందట, అయినా అమ్మాయిని పంపమంటున్నాడు. మనిషిని మట్టిలో పెట్టిన రోజే అంత తొందరేమిటి?

కానీ ఒకటే ఆలోచిస్తున్నాను. దాని ఆట చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరు పోయారు. రెండో మనిషికి నేను అడ్డం పడితే, ఇంక దాన్ని ఎవరు చూస్తారు?

అందుకని నేనే తీసుకెళ్తున్నాను.

రాష్ట్రం దాటి ఎరగను. భాష రాదు. రైల్లో కన్ను మూయలేను. అయినా వెళ్తాను. ఆ స్కౌట్ మొహం ఎదురుగా చూస్తాను. నచ్చకపోతే వెనక్కి తెచ్చేసుకుంటాను.

హారికా, ఎదురుగా చెబితే ఏడుస్తానని ఇక్కడ రాస్తున్నా. బట్టలు సర్దుకో.

జిలానీ గారూ, ఉన్నన్నాళ్ళూ మిమ్మల్ని ప్రశ్నలతో తినేశాను. అల్లా దగ్గరైనా మిమ్మల్ని ఎవరూ ఏమీ అడక్కుండా ఉండాలి.

హాయిగా పడుకోండి నాయనా.