బుధవారం నాటి సఫారీ సూటు

ముందే చెప్పేస్తున్నాను. నేను ఏది చెప్పినా కాస్త పెంచి చెబుతాను. మా ఇంట్లో పిల్లి ఎలుకను పట్టిందంటే, ఆ కబురు నా నోట్లోంచి బయటికొచ్చేసరికి పులి అడవిపందిని పట్టినట్టుంటుంది. ఈ సంగతి నాకు తెలుసు, మా ఆవిడకు తెలుసు, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి కబుర్లు చెప్పించుకునేవాళ్లందరికీ తెలుసు. కాబట్టి కింద ఎక్కడ అంకె కనబడినా సగానికి కోసుకుని చదవండి. ఒక్కచోట మాత్రం పెంచడంతో ఆగలేదు, పూర్తిగా కల్పించాను. అదెక్కడో చివర్లో ఒప్పుకుంటాను. అందాకా మీరు ఎవరినైనా అనుమానించవచ్చు. ఆ బుధవారం మా ఊరంతా చేసిన పని అదే.

ఎనభైల మధ్య మాట. నాకు పెళ్లయి మూడేళ్లు. నాన్నా నేనూ కలిసి రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాం. అంతకుముందు మూడు తరాలుగా మేము ఇంకొకళ్ల చేలలో కాయ కోసినవాళ్లమే. రైతు అనిపించుకోవడం మా ఇంటికి అదే మొదలు. చుట్టూ పత్తి, మధ్యలో రెండే మిరప చేలు. ఒకటి మాది, గట్టుకు అవతల రెండోది బావది. బావ అంటే వరసకు బావ. గట్టు మీద నిలబడి మా చేను వైపు చూసే చూపులో మాత్రం ఏ వరసా ఉండేది కాదు. మేం ఎప్పుడు వదులుకుంటామా, ఆ కౌలు ఎప్పుడు అందుకుందామా అని అతని కన్ను.

మొదటి కోత కాయ కళ్లంలో ఎండుతోంది. రెండో కోతకు చేను పండి నిండా ఎర్రబడింది. ఎంత ఎర్రగా అంటే, ఆ పక్కనుంచి వెళ్లే బస్సులు రైలు గేటు దీపమనుకుని ఆగిపోయేవి. సరిగ్గా అప్పుడు మబ్బు పట్టింది. మాఘమాసంలో మబ్బేమిటని ముందు దాన్నే అనుమానించాం. పండిన కాయ చెట్టు మీద ఉండగా వాన పడితే రంగు పోయి, తెల్లమచ్చలు పడి తాలు అయిపోతుంది. తాలుకాయను గుంటూరులో ఎవరూ కన్నెత్తి చూడరు. రెండు రోజుల్లో కోత ముగిస్తే మేం రైతులం. ముగించకపోతే మళ్లీ గంప నెత్తినెత్తుకుని ఇంకొకళ్ల చేలోకి పోవడమే.

బుధవారం తెల్లవారగానే కళ్లంలోకి పనికొచ్చే పాత దుప్పటి కోసం ట్రంకుపెట్టె తెరిచాను. అడుగున నా పెళ్లినాటి సఫారీ సూటు. గచ్చకాయ రంగు. చొక్కాకు నాలుగు జేబులు, ఒక్కో జేబులో అరబస్తా కాయ పడుతుంది. ప్యాంటు కింది వెడల్పు చూస్తే, ఒక్కో కాలులో ఒక కోడి తన పిల్లలతో సహా కాపురం ఉండవచ్చు. పెళ్లి సాయంత్రం మూడు గంటలసేపు వేసుకున్నాను. ఆ తర్వాత దానికి తగిన సందర్భమే రాలేదు. ప్రతి క్రిస్మస్‌కీ బయటికి తీయడం, ఇంత మంచిది పిల్లల చేతులు తగిలి మాసిపోతుందని మళ్లీ లోపల పెట్టడం. ఆ పొద్దున దాన్ని చూస్తే జాలేసింది. సందర్భం వచ్చేలోగా బట్టయినా చివికిపోతుంది, నాకు పొట్టయినా వస్తుంది అనిపించింది. వేసుకున్నాను. అంతే. కోత మొదలయ్యేలోగా రోడ్డు మీదికెళ్లి ఒక టీ తాగి వచ్చి విప్పేద్దామనుకున్నాను. ఎందుకు వేసుకున్నావని నన్ను సాక్షి బోనులో నిలబెట్టి అడిగినా ఇంతకుమించి చెప్పలేను.

వంటింట్లో ఉన్న మా ఆవిడకు ముందు కలరా ఉండల వాసన తగిలింది. ఆ వెనక నేను కనబడ్డాను.

“ఎవరు పోయారు?” అంది.

“ఎవరూ పోలేదు.”

“మరి ఎవరి పెళ్లి?”

“ఎవరిదీ కాదు. ఊరికే వేసుకున్నా.”

ఆమె చేతిలో గరిటె ఆగింది. “బుధవారం పూట. కోత పెట్టుకుని. ఊరికే,” అని ఒక్కో మాటనూ తూకం వేసినట్టు అంది. “నాకు చెప్పకూడని సంగతైతే నేను అడగనులే.”

అడగనన్న మనిషి ఆ తర్వాత పదకొండు ప్రశ్నలు అడిగింది. పదకొండింటికీ నా దగ్గర ఒకటే జవాబు ఉండడంతో అనుమానం గట్టిపడింది.

వాకిట్లో నాన్న గోతాలు దులుపుతున్నాడు. నన్ను పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ చూసి, గొంతు తగ్గించాడు.

“ఒరేయ్, కోర్టు కాయితం ఏమన్నా వచ్చిందా? నా దగ్గర దాచమాక.”

“ఏ కాయితమూ రాలేదు నాన్నా.”

“పోనీ, డాక్టరేమన్నా చెప్పాడా?”

ఆయన తప్పు లేదు. మా పాలెంలో మంచిబట్ట కట్టడానికి కారణాలు అయిదే. చర్చి, పెళ్లి, చావు, కోర్టు, ఆసుపత్రి. చర్చికి ఆదివారం ఉంది. పెళ్లయితే మేళం వినబడాలి. మిగిలిన మూడింట్లో ఏది చెప్పినా ఇంట్లో ఏడుపే. అందుకని ఏమీ చెప్పకుండా రోడ్డెక్కాను. ఇస్త్రీ లేకపోయినా మూడేళ్లు ట్రంకులో అణిగి ఉన్న ఆ మడత పదును ఎలాంటిదంటే, దారిలో ఎగురుతున్న తూనీగ ఒకటి దానికి తగిలి రెండుగా తెగి పడింది. వాసనకు దారి పొడుగునా గేదెలు తుమ్మాయి.

టీ కొట్టు దగ్గర బావ ఉన్నాడు. నన్ను చూడగానే బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.

“ఏం బావా, బస్సు ఎన్నింటికి?”

“ఏ బస్సు?”

“సరే, చెప్పమాకలే. పనులు ముందే చెప్పుకుంటే చెడిపోతయ్,” అని నాకు టీ చెప్పాడు. నేను పుట్టినప్పటి నుంచీ బావ నాకు టీ ఇప్పించడం అదే మొదటిసారి. దాంతో నాకూ అతని మీద అనుమానం వచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఇద్దరం ఒకళ్లనొకళ్లం అనుమానించుకుంటూ కూర్చున్నాం. టీ మాత్రం బాగుంది.

అప్పుడే కోతల ముఠా వచ్చింది. నలభై మంది ఆడవాళ్లు, చంకల్లో గంపలు, చేతుల్లో సద్ది గిన్నెలు. ముందు మా మేస్త్రి అత్త. నాన్నకు చెల్లెలి వరస. ఏ రోజు ఎవరి చేలో కోత అన్నది ఆమె నోటిమాట మీద నడుస్తుంది. ఆ రోజు మా చేలోకి వస్తానని ఆదివారమే చర్చి గుమ్మంలో మాటిచ్చింది. నన్ను చూసి ఆగింది. ఆమె ఆగితే వెనక నలభై గంపలూ ఆగాయి. అత్త సూటు వైపు చూసింది. బావ బస్సు వచ్చే దారి వైపు చూశాడు. ముఠా మా చేలోకి వెళ్లే డొంకలోకి తిరిగింది కదా అని నేను రెండో టీ చెప్పాను. బావ మాత్రం తొందరగా లేచి వెళ్లిపోయాడు.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. కోత రోజు రైతు చేలో ఉండి తీరాలి. మంచినీళ్లు మోయాలి, గోతం పట్టాలి, పొద్దుగూకాక కూలి తన చేత్తో ఇవ్వాలి. రైతు లేని చేలో ముఠా దిగదు. కౌలు నా పేరున ఉంది కాబట్టి, నాన్న చేలో ఉన్నా రైతు ఉన్నట్టు కాదు. రైతు మంచిబట్టలు కట్టాడంటే ఆ పూట ఊళ్లో లేనట్టే లెక్క. దానికి అడగడాలూ చెప్పడాలూ ఉండవు. బట్టలు చూసి పక్క చేలోకి పోవడమే. మూడు తరాలు ముఠాలో తిరిగిన ఇంట్లో పుట్టి, నేనే ఆ సంగతి మరిచిపోయాను. రైతునై ఆర్నెల్లయ్యేసరికి.

నేను వెళ్లేసరికి నాన్న ఒక్కడే గోతాల కట్ట మీద కూర్చుని ఉన్నాడు. గట్టుకు అవతల బావ చేలో నలభై నడుములు వంగి ఉన్నాయి.

“ఏంది నాన్నా ఇది?”

“నన్నడుగుతావేంది? నీ సూటునే అడుగు. వాననైనా ఆపుద్దేమో కనుక్కో.”

గట్టు మీదికి వెళ్లాను. అత్త చేతులు ఆపలేదు. కొమ్మ వంచడం, కాయ తెంపడం, ఒళ్లో వేసుకోవడం.

“అత్తా, మన చేలో దిగలేదేం?”

“నువ్వు ఊళ్లో లేవుగా అల్లుడా.”

“ఇదిగో, నీ ముందే ఉన్నాగా.”

“ఇప్పుడున్నావు. బస్సు పదింటికిగా.”

“అసలు ఏ బస్సు అత్తా?”

అప్పుడు నడుమెత్తింది. “కనిగిరి బస్సు. అక్కడ వానల్లేక జనం ఖాళీగా ఉన్నారు, పిలిస్తే తక్కువకే వస్తారు. ముఠాని మాట్లాడుకు రావటానికి పోతున్నావంటగా. నిన్నటిదాకా మాతో గంప మోసినోడివి. రైతువి కాంగానే మేం బరువైపోయామా?”

ఆమె భయం ఉత్తదేం కాదు. కిందటేడు పై ఊరి రైతు ఒకడు ఇలాగే తెల్లబట్టలు కట్టుకుని వెళ్లి, లారీనిండా మనుషులను తెచ్చి చేలో గుడారాలు వేయించాడు. అత్త ముఠా ఇరవై రోజులు పనిలేక ఇళ్ల దగ్గర కూర్చుంది. ఆ ఇరవైని మాత్రం సగం చేసుకోవద్దు.

“ఎవరు చెప్పారత్తా ఈ మాట?”

“ఎవరు చెబితేనేం,” అంది. నాలుగు సాళ్ల అవతల బావకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

“ఒట్టు. ఊరికే వేసుకున్నా.”

“ఊరికే వేసుకోటానికి అదేమన్నా లుంగీనా? నాలుగు జేబులెందుకు మరి?”

“నాలుగూళ్ల కూలోళ్ల పేర్లు రాసుకోటానికి,” అంది ముఠాలో ఒకామె. చేనంతా నవ్వింది.

“సరే, ఇంటికెళ్లి విప్పేసి వస్తా.”

“బస్సు పొయ్యేది మీ ఇంటి ముందు నుంచేగా.”

“అయితే నన్నేం చెయ్యమంటావు?”

“ఎక్కడికీ పోనంటున్నావుగా. ఆ బట్టల్తోనే మీ చేలో దిగు. ఒక సాలు కొయ్యి. అప్పుడు చూద్దాం.”

ఒక్క దూకుతో గట్టు దిగి, సూటు సంగతి మరిచి, సాలులోకి జొరబడ్డాను. ఆ సాలు పొడుగు రెండు మైళ్లు. రెండు చేతులా కోసి నాలుగు జేబులూ నింపాను. చెమట తుడుచుకోబోయి కాయ ఘాటు కంట్లో పెట్టుకుని, ఏడుస్తూ కోశాను. సాలు చివర తలెత్తి చూసేసరికి ముఠా మొత్తం మా చేలో ఉంది. బావ తన చేలో ఒంటరిగా, దోస తోటలో దిష్టిబొమ్మలా నిలబడి ఉన్నాడు. గురువారం పొద్దుగూకేలోగా ఆఖరి గంప కళ్లంలో పోసి పట్టా కప్పాం. శుక్రవారం మధ్యాహ్నం వాన పడింది. మా చెట్ల మీద తాలు కావడానికి ఒక్క పండుకాయ లేదు. మరుసటి ఏడూ ఆ చేను మాదే.

ఇప్పుడు ఒప్పుకోవాలి. తూనీగ తెగిందీ, గేదెలు తుమ్మిందీ మీరెలాగూ నమ్మి ఉండరు. అవి పెంచడం కిందికి వస్తాయి. కల్పించింది ఆ ఒక్క దూకు.

నేను దూకలేదు. ప్యాంటు మడత చూసుకుంటూ గట్టు మీదే అరగంట నిలబడ్డాను. మబ్బు దిగుతోంది, నాన్న ఒక్కడే సాలు మొదలుపెట్టాడు, నేను ఇంకా ఆ బట్ట పాడవకుండా పని జరిగే దారి ఏదైనా ఉందా అని ఆలోచిస్తున్నాను. అంతలో మా ఆవిడ వచ్చింది. నాకు సద్ది తేవడానికి కాదు. నేను నిజంగా బస్సెక్కానో లేదో చూసి పోదామని, పొయ్యి మీద కూర దించేసి వచ్చింది. అత్త అన్న మాటలన్నీ నాన్న నోట విన్నది. నా వైపు చూడనైనా చూడకుండా కొంగు దోపి, నాన్న పక్క సాలులో దిగింది.

అత్త చేతులు ఆపి ఆమెనే చూసింది. తర్వాత అడిగింది.

“ఏమ్మాయ్, మీ ఆయన ఎక్కడికీ పోడా?”

“పోడు పెద్దమ్మా. పోయేవాడైతే నేనొచ్చి కాయ కోస్తానా?”

అత్త గంప చంకనెత్తుకుని గట్టు దాటింది. వెనకాలే ముఠా దాటింది. అందరికన్నా ఆఖరున, ప్యాంటు నాలుగు మడతలు పైకి పెట్టుకుని నేను దిగాను. జేబుల్లో కోసిన మాట నిజం. అప్పటికి నాకు ఇవ్వడానికి గంప మిగల్లేదు.

సాయంత్రం ఇంటికి నడుస్తుంటే, అందరిలోకీ తనొక్కతే నన్ను నమ్మింది కదా అని గుండె నిండిపోయి, ఆ మాటే మా ఆవిడతో అన్నాను.

“నమ్మటమా? కాయ తాలైపోద్దని దిగా,” అంది. పది అడుగులు వేశాక చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. “ఇప్పుడెవరూ లేరు. పొద్దున ఎక్కడికి బయల్దేరావో ఇప్పుడన్నా చెప్పు.”