నాగలక్ష్మి పెట్టని సంతకం

పదకొండేళ్లుగా ఒక కాగితం నా గుండెల మీద కూర్చుంది. రూళ్ల నోటుబుక్కులోంచి చింపిన అర కాగితం. దాని మీద తొమ్మిదో తరగతి పిల్ల సంతకం ఉంది. ఆ సంతకం ఆ పిల్ల పెట్టలేదు. ఈ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఓదార్చకండి, నాకు ఒళ్లు మండుతుంది.

నేను సోషల్ టీచర్ని. అప్పట్లో దివిసీమలో, సముద్రం దగ్గరి ఊరి హైస్కూల్లో పనిచేసేదాన్ని. మచిలీపట్నం నుంచి రోజూ బస్సు. ప్రజాస్వామ్యం పాఠం ఊరికే చదివి వదిలేస్తే పిల్లలకేం ఎక్కుతుందని, స్కూల్ లీడర్‌కి నిజమైన ఎన్నిక పెడతానన్నాను. నామినేషన్లు, ప్రచారం, విత్‌డ్రాకి ఆఖరి రోజు, బిస్కెట్ల డబ్బా మూతకి చీలిక కోసి చేసిన బ్యాలెట్ బాక్సు. ఎంత మురిసిపోయానో!

ఇద్దరు నిలబడ్డారు. ఒకడు చైతన్య, స్కూల్లో మంచినీళ్ల ప్లాంటు పెట్టించిన రైతుగారి అబ్బాయి. రెండోది నాగలక్ష్మి, పల్లెపాలెంలో చేపలవేటకి వెళ్లేవాళ్ల పిల్ల. వాడు చాక్లెట్లు పంచాడు. ఆమె ప్రతి క్లాసుకీ వెళ్లి ఒకటే మాట చెప్పింది: ఆడపిల్లల బాత్రూమ్ తలుపుకి గడియ లేదు, నేను గెలిస్తే పెట్టిస్తాను. ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడేవాళ్లు. నాకు తెలీదా? తెలుసు. టీచర్ల బాత్రూమ్‌కి గడియ ఉంది కాబట్టి నాకు పట్టలేదు. ఆడపిల్లలంతా నాగలక్ష్మి వైపే. గెలుపు ఖాయం.

అప్పుడు హెడ్మాస్టరు పిలిచారు. పంచాయతీకే పోటీ లేకుండా పెద్దలు కూర్చుని ఏకగ్రీవం చేసుకునే ఊరమ్మా ఇది, పిల్లల మధ్య కక్షలు పెడతారా అన్నారు. ప్లాంటు పెట్టించినాయన మనసు కష్టపెట్టుకుంటారన్నారు. అంతే. నన్నెవరూ బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఈపాటికి నాకొక సాకైనా ఉండేది. మరెందుకు తలూపాను? భయమా? మర్యాదా? మా ఊళ్లోనూ నలుగురు పెద్దలు ఒక ఇంట్లో కూర్చుని సర్పంచిని తేల్చేస్తే అదే ఐకమత్యమని మా నాన్న గొప్పగా చెప్పుకునేవారు, అది వింటూ పెరిగినదాన్ని, ఆ ఇంట్లోకి ఎవరిని పిలిచేవాళ్లు కాదో ఒక్కసారైనా అడగనిదాన్ని, పిల్లలకి ఎన్నికలు నేర్పడానికి బయల్దేరాను. సిగ్గులేకపోతే సరి!

నాగలక్ష్మిని పిలిచి తప్పుకోమన్నాను. ఎందుకండీ అంది. పెద్దవాళ్లు చెబితే వినాలన్నాను. మర్నాడు బస్సులో కూర్చుని ఆ కాగితం రాశాను. నా ఇష్టపూర్వకంగా తప్పుకుంటున్నాను అని. కింద ఆమె అక్షరాల్లాగే కొంచెం వంకరగా సంతకం చేశాను. ప్రేయర్లో చదివి అందరిచేతా చప్పట్లు కొట్టించాను. పాలెం పిల్లలు మాత్రం కొట్టలేదు. ఆమె వైపు తిరిగి చూశారు.

ప్రేయర్ అవగానే స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"టీచర్ గారండీ, నేను సంతకం పెట్టలేదు కదండీ?"

"మీ నాన్నే తెచ్చిచ్చాడమ్మా."

"మా నాన్న వేటకెళ్లి నాలుగు రోజులైందండీ. ఇంకా ఒడ్డుకి రాలేదండీ."

"అయితే ఏంటిప్పుడు? స్కూల్ లీడర్ కోసం ఇంత రాద్ధాంతమా? క్లాసుకి పో."

పోయింది. ఏం తీసుకుని తప్పుకున్నావే అని పాలెం పిల్లలు ఆమెతో మాట్లాడడం మానేశారు. నా కళ్లముందే ఒక్కతీ కూర్చుని అన్నం తినేది. నేను ఒక్క మాట చెబితే పోయేది. చెప్పలేదు. పరీక్షలో ఎన్నికల మీద వచ్చిన ప్రశ్నకి జవాబు రాయకుండా ఖాళీ వదిలేసింది. ఆ ఖాళీకి నేను మార్కులన్నీ వేశాను. లంచం! గడియ మాత్రం నేనున్నన్నాళ్లూ ఎవరూ పెట్టలేదు. నేనూ పెట్టించలేదు.

మొన్న పామర్రు సెంటర్లో బస్సు కోసం నిలబడితే ఒకతను కారాపి, దిగొచ్చి దండం పెట్టాడు. చైతన్య.

"ఈసారి కూడా మన ఊరు ఏకగ్రీవమేనండీ టీచర్ గారూ. మన నాగలక్ష్మి వార్డు మెంబరుకి నామినేషన్ వేసిందండీ. విత్‌డ్రా కాగితం మేమే రాసేశాం. అప్పుడు మీరు రాసినట్టే!"

నవ్వాడు. అందులో వెటకారం లేదు. చదువు చెప్పిన టీచరు మీద గౌరవం, అంతే.

అంటే వాడికి మొదట్నుంచీ తెలుసు. హెడ్మాస్టరు చెప్పే ఉంటారు, వాళ్లింట్లో చెప్పుకుని నవ్వుకునే ఉంటారు. నేను దాచాననుకున్నదాన్ని వాడు పాఠంలా అప్పజెప్పాడు. సంవత్సరమంతా గొంతు చించుకుని చెప్పినవేవీ గుర్తులేవు వాడికి, నేను చెప్పకుండా చేసిన ఆ ఒక్క పని తప్ప. తిట్టాలనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని తిట్టను? బస్సొస్తే ఎక్కేశాను.

ఆ ఊరికి ఇప్పటికీ బస్సుంది. పాలెంలో ఎవరినడిగినా ఆమె ఇల్లు చూపిస్తారు. నేను వెళ్లలేదు. ఇక్కడ నా పేరు కూడా రాయడం లేదు, అదీ పిరికితనమే. రాస్తుంటే ఇన్నేళ్లకి కాస్త ఊపిరాడుతోంది. ఊపిరాడుతున్నందుకు కూడా నా మీద నాకు కోపంగానే ఉంది.

ఆ రోజు గుమ్మం దగ్గర ఆ పిల్ల అడిగినదానికి జవాబు ఇది. లేదమ్మా, నువ్వు పెట్టలేదు. నేను పెట్టాను.