మీసాల పెద్దమ్మ దర్బారు

మా పెద్దమ్మ రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, అద్దం ముందు నిలబడి కాటుకతో మీసాలు దిద్దుకునేది. ఆ తర్వాతే కాఫీ.

"ఈ మీసాలెందుకు పెద్దమ్మా?"

"ప్రదర్శన కళ నాయనా! లంచాల మీద, మగపెత్తనం మీద."

నేను పల్లెటూరి బడిలో చదువుకున్నవాణ్ణి. నాటకమంటే గంట కొట్టాలి, తెర లేవాలి. పెద్దమ్మకు అవేవీ లేవు. ఒక కుర్చీ, పెదనాన్నగారి పాత కోటు, అంతే. ఇళ్ళ పట్టాలిచ్చే ఆఫీసు గేటు ముందు కూర్చుని, అర్జీలతో వచ్చిన ఆడవాళ్ళ మీద విరుచుకుపడేది.

"నీ వెంట మగదిక్కు లేదూ? రేపు రా! ఈ గడి ఖాళీగా వదిలావేం? తేదీ ఎవరు వేస్తారు, మీ తాతా?"

లోపల అధికారి కూడా రోజూ "రేపు రా" అనే అనేవాడు. అందుకని ఎవరు అసలో, ఎవరు వేషమో జనానికి అంతుపట్టేది కాదు. ఒక ముసలాయన ఆవిడకే అర్జీ ఇచ్చి తృప్తిగా వెళ్ళిపోయాడు. వాచ్‌మన్ మూడు రోజులు ఆవిడకు సెల్యూట్ కొట్టాడు. నాలుగో రోజు ఏదో అనుమానం వచ్చి, అధికారికి కొట్టడం మానేశాడు. నాకూ అయోమయంగానే ఉండేది. ఆవిడకు మంచిబుద్ధి ప్రసాదించమని దేవుణ్ణి వేడుకునేవాణ్ణి.

ఆవేళ అర్జీలకు ఆఖరి రోజు. గేటు దగ్గర బట్టలు కుట్టే ఆవిడ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఆహా, ఎంత సహజంగా నటిస్తోంది!" అన్నాను.

"నటన కాదురా మొద్దూ! మొగుడి సంతకం లేనిదే ఇల్లు ఈవిడ పేర రాయనంటున్నాడు ఆ అధికారి. ఆ మొగుడు పోయి రెండేళ్ళయింది. ఈ పూట దాటితే ఇల్లు బావగారి పాలు."

ఆమె చేతిలోని అర్జీ చూశాను. ప్రతి గడీ నిండి ఉంది. మొగుడి మరణ ధ్రువపత్రం కుట్టి ఉంది. పక్కనే పెన్సిలుతో పెద్దమ్మ పెట్టిన గుర్తులు. తిట్టుకో గడి చొప్పున, ఎక్కడా వంక పెట్టడానికి వీల్లేకుండా పూర్తి చేయించింది!

గోల విని అధికారి బయటికొచ్చాడు. "ఏమిటీ సంత?"

జనం ఫోన్లు పైకెత్తారు. పెద్దమ్మ లేచి, కోటు సర్దుకుని, కుర్చీ ఆయన ముందుకు జరిపింది.

"బాబూ, ఒక్క సాయం చేసిపెట్టాలి. మా ఆటలో ఒక వేషం మిగిలిపోయింది, సంతకం పెట్టే అధికారి వేషం. నేనెంత చేసినా జనం నమ్మడం లేదు. మీకైతే అతికినట్టుంటుంది."

ఆయన ఫోన్ల వంక చూశాడు, అర్జీ వంక చూశాడు, కూర్చున్నాడు. కలం మూత తీశాడు.

పెద్దమ్మ వంగి మెల్లగా అంది: "పనిలో పనిగా ముద్ర కూడా వేయించండి బాబూ."