ఆవకాయ మానేసిన అక్క

నా చిన్నప్పుడు మా కొవ్వూరులో ఆవకాయ పెట్టిన మూడోనాడు తిరగకలిపి ఉప్పు చూడాలంటే, వీధిలో అందరూ మా పక్కింటి అక్కనే పిలిచేవారు. పోలియో వల్ల ఆమె రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. పాత చెప్పులు చేతులకి తొడుక్కుని నేల మీద జరుగుతూ వచ్చేది. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దదైనా నా స్నేహితురాలు ఆమే. ఆవకాయ ఉంటే పంచభక్ష్య పరమాన్నాలు కూడా పక్కన పెట్టే మనిషి. "దీన్ని ఆవకాయ జాడీకే ఇచ్చి పెళ్ళి చేయాలి" అని మా నాన్నమ్మ ఏడిపించేది.

ఒక ఏడు వేసవిలో నాకు పెద్ద జబ్బు చేసింది. మూత్రపిండాలు దెబ్బతిని ఒళ్ళంతా నీరు పట్టింది. మొహం ఉబ్బిపోయి కళ్ళు తెరవడమే కష్టమైంది. గోదావరి దాటించి రాజమండ్రిలో చూపించారు. ఉప్పు తగలకూడదనీ, తిండి మానేస్తే మందు పనిచేయదనీ అన్నారు డాక్టరుగారు. ఆ చప్పిడి మెతుకులు నాకు గొంతు దిగేవి కావు. పిల్ల దక్కదేమోనని పెద్దవాళ్ళు వంటింట్లో గుసగుసలాడుకోవడం నాకు వినబడుతూనే ఉండేది. వినీ వినీ నేనూ అదే అనుకున్నాను. చచ్చిపోయేదాన్ని ఇంక తినడం ఎందుకని మొహం తిప్పేసుకునేదాన్ని.

మొక్కులకి మాత్రం లోటు లేదు. నేను లేచి తిరిగితే చినతిరుపతి వెంకన్నకి తలనీలాలిస్తానని నాన్నమ్మ, నిలువుదోపిడీ ఇస్తానని అమ్మ మొక్కుకున్నారు. అన్నీ నేను లేచాక తీర్చే మొక్కులే.

మా ఆవకాయ తిరగకలిపిన రోజు అక్క వచ్చింది గానీ, నాన్నమ్మ ముక్క తీసి అందిస్తున్నా నోరు తెరవలేదు.

"ఏంటే, ఒంట్లో బాగోలేదా?"

"బానే ఉందండి మామ్మగారూ. మీ మనవరాలికి నయమైతే ఏడాది పాటు ఆవకాయ ముట్టనని వెంకన్నకి మొక్కుకున్నానండి."

"పిచ్చిదానా, నయమయ్యాక కదే మొక్కు తీర్చేది!"

"నయమౌతుంది కదండీ. ఇంక ఆగడం ఎందుకని మొదలెట్టేశాను."

రైలు ఎన్నింటికని అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పింది. అక్క కాళ్ళ కోసం వాళ్ళమ్మ మొక్కని దేవుడు లేడనీ, ఒక్క మొక్కూ ఫలించలేదనీ వీధంతటికీ తెలుసు. మరి ఆ దేవుడి మీదే ఆమెకి అంత భరోసా ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ అంతుబట్టదు. తలచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మంచం మీద పడుకుని అంతా విన్నాను. నేను బతుకుతానని అంత ధీమాగా అన్నవాళ్ళు అప్పటిదాకా ఒక్కరూ లేరు. అమ్మని పిలిచి అన్నం పెట్టమన్నాను. చప్పగానే ఉంది. అయినా తిన్నాను. మర్నాడూ తిన్నాను. వానలు పడేవేళకి వాపు తగ్గిపోయింది. మందు గుణమో, వెంకన్న దయో తేల్చి చెప్పే తెలివి నాకు లేదు. అక్క మాత్రం ఏడాదంతా ఆవకాయ వైపు కన్నెత్తి చూడలేదు. గడువు తీరిన రోజున మొదటి ముద్ద నా చేత్తోనే కలిపి పెట్టాను. కారం మిషతో ఇద్దరం ఏడ్చాం.

నిరుడు నాకు గుండె ఆపరేషన్ చేయాలన్నారు. తగ్గితే పంచుతానని మొక్కుకున్న పులిహోర, ఆసుపత్రికి బయల్దేరే ముందే వీధిలో అందరికీ పంచేయమన్నాను. "తగ్గి ఇంటికొచ్చాక పంచుదాం అత్తయ్యగారూ" అంది మా కోడలు. "తగ్గుతుంది కదమ్మా" అన్నాను. అన్నానే గానీ నా గొంతు వణికింది. ఆ రోజు అక్క గొంతు వణకలేదు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తున్నంతసేపూ ఆ గొంతే వింటూ వెళ్ళాను.